కరిసల్ నేలకు కథలు మోసుకొచ్చిన అవ్వ

మంగతాయారమ్మకు నూరేళ్ళు నిండి చాలా కాలమైంది. గోపల్లపురంలో కోటయార్ల ఇంటికి ఆమే పెద్ద దిక్కు. కొడుకులూ మనవళ్ళూ మునిమనవళ్ళూ చుట్టూ చేరితే, తమ వాళ్ళు ఎక్కడివాళ్ళో, ఎవరికి భయపడి ఊరు విడిచారో, ఏ అడవి కాల్చి ఏ నేల దున్నుకున్నారో పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆమె చేతిలో పుస్తకం లేదు. ఎక్కడైనా చదివి చెబుతున్నదీ కాదు. ఊరి చరిత్రంతా ఆ ముసలి గొంతులోనే ఉంది.

గోపల్లపురం పటంలో దొరకదు. తమిళ రచయిత కి.రాజనారాయణన్ 1976లో అచ్చువేసిన ‘గోపల్ల గ్రామం’ నవలలోని ఊరది. అయితే ఆ ఊరికి మట్టి ఎక్కడిదో అందరికీ తెలుసు. కోవిల్‌పట్టి నుంచి తిరునల్వేలి వెళ్ళే దారిలో ఇడైసెవల్ అనే పల్లె ఉంది. కి.రా. పుట్టింది అక్కడే, 1923లో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకున్నది తమిళం. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టూ పరుచుకున్న నల్లరేగడిని అక్కడివాళ్ళు ‘కరిసల్’ అంటారు. ఎండాకాలంలో కాలు దిగబడేంత పగుళ్ళు, నాలుగు చినుకులు పడితే చెప్పులు ఊడబెరికే బంకమట్టి. పత్తికి మాత్రం ఈ నేల బంగారం. సజ్జలు, జొన్నలు, మినుములు, మిరప కూడా పండుతాయి. వానల్ని నమ్ముకుని బతికే ఈ సీమలో తరాల కిందట దిగిన తెలుగు కుటుంబాలు వేలకు వేలు.

ఆడవాళ్ళు మారుమూల పల్లెలకు పుస్తకాలు మోసుకెళ్ళిన కథలకు ఈమధ్య ఇంగ్లీషు చారిత్రక నవలల్లో గిరాకీ బాగా పెరిగింది. ఆ నవలలు చదివి కరిసల్ వైపు చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ పుస్తకం గుర్రమెక్కి ఊరికి వచ్చింది. ఇక్కడ ఊరి ఆడవాళ్ళ మాటే పుస్తకమై బయటికి వెళ్ళింది. ముందు ఆ గుర్రాల సంగతి చూద్దాం.

1935. అమెరికాను ఆర్థిక మాంద్యం పీల్చి పిప్పి చేస్తున్న రోజులు. కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో బొగ్గు గనులు మూతపడ్డాయి, రోడ్లు లేవు, చాలా ఊళ్ళకు వాగులే దారులు. రూజ్వెల్ట్ ప్రభుత్వం ఉపాధి పథకం కింద అక్కడ ‘ప్యాక్ హార్స్ లైబ్రరీ’ మొదలుపెట్టింది. ఉద్యోగం దొరికినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, సంపాదించే మగదిక్కు లేని ఇళ్ళవాళ్ళు. జీతం నెలకు 28 డాలర్లు. గుర్రమో కంచరగాడిదో ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. సొంతది లేకపోతే అద్దెకు తెచ్చుకోవాలి. రెండు వైపులా సంచుల్లో పుస్తకాలు వేలాడేసుకుని, మంచులో వాగులు దాటుకుంటూ వారానికి వంద మైళ్ళ పైనే తిరిగేవారు.

ఇందులో తమాషా ఏమిటంటే, సర్కారు జీతాలిచ్చింది గానీ పుస్తకాలు ఇవ్వలేదు. పాత పుస్తకాలు, చిరిగిన పత్రికలు, బడిపిల్లలు వదిలేసిన వాచకాలు చందాల్లాగా అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. కార్డులు పెట్టుకోవడానికి ఖాళీ జున్ను పెట్టెలు పనికొచ్చాయి. పుస్తకాలు పడిపోకుండా అటూ ఇటూ ఆనించడానికి కార్ల నంబరు ప్లేట్లు వంచి వాడుకున్నారు. మరీ చిరిగిపోయిన పత్రికల్ని పారెయ్యకుండా, పనికొచ్చే కాగితాలు కత్తిరించి అట్టల మధ్య అంటించి కొత్త పుస్తకాలు చేశారు. అసలు కథంతా ఈ అతుకుల పుస్తకాల్లోనే ఉంది. కొండల మీది ఇల్లాళ్ళు తమ వంటల కొలతలు, బొంతలు కుట్టే నమూనాలు రాసిచ్చేవాళ్ళు. గుర్రమెక్కిన లైబ్రేరియన్ వాటిని కూడా అంటించి పక్క లోయలో ఇచ్చేది. అక్కడి ఆడవాళ్ళు తమకు తెలిసింది చేర్చేవాళ్ళు. ఊరికి పుస్తకం ఇచ్చి రావడంతో పని అయిపోయేది కాదన్నమాట. ఊరి దగ్గరున్నదీ సంచిలో పడి తిరిగి వచ్చేది. 1943లో యుద్ధం పుణ్యమా అని ఉద్యోగాలు పెరిగాయి, ఉపాధి పథకం మూతపడింది, గుర్రాలూ ఇంటికి పోయాయి.

ఈ ఆడవాళ్ళను చాలా కాలం ఎవరూ పెద్దగా తలుచుకోలేదు. 2019లో ఒకే ఏడు రెండు నవలలు వచ్చాయి. కిమ్ మిషెల్ రిచర్డ్‌సన్ రాసిన ‘ది బుక్ ఉమన్ ఆఫ్ ట్రబుల్‌సమ్ క్రీక్’లో నాయిక కస్సీ ఒళ్ళు నీలంగా ఉంటుంది. కెంటకీ కొండల్లో నిజంగానే అలాంటి కుటుంబం ఒకటుండేది. రక్తంలో ఉండే ఒక లోపం వల్ల వాళ్ళ చర్మం నీలిరంగుకు తిరిగేది. జోజో మోయెస్ రాసిన ‘ది గివర్ ఆఫ్ స్టార్స్’లో ఇంగ్లండ్ నుంచి కోడలిగా వచ్చిన ఆలిస్ ఉంటుంది. రెండూ లక్షలమంది చదివిన పుస్తకాలు. రిచర్డ్‌సన్ నవలలో అతుకుల పుస్తకాల ముచ్చట ఉంది కానీ, పాఠకుల మనసులో నిలిచేది మాత్రం గుర్రం మీద వచ్చే ఆడమనిషే. ఊరు ఎదురుచూస్తుంది, పుస్తకం వస్తుంది, వెలుగు పడుతుంది. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, ఊరంటే ఖాళీ కుండ అనుకుంటే చిక్కే.

మన దగ్గరా ఆ రోజుల్లో పుస్తకాలు ఊళ్ళు తిరిగాయి. 1931లో మన్నార్‌గుడి చుట్టుపక్కల ఎడ్లబండి మీద గ్రంథాలయం నడిచింది. కెంటకీ గుర్రాలు బయల్దేరిన 1935లోనే కృష్ణా కాలువల్లో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం నత్తనడక, కూచున్నవాళ్ళకు వేరే పని లేదు, చేతికి పుస్తకం ఇస్తే చదవక చస్తారా! ఇంత తెలివైన ఏర్పాటు ప్రపంచంలో అరుదు. బండైనా పడవైనా వెనకున్న పేర్లు మాత్రం మగవాళ్ళవే. ఆడవాళ్ళ మధ్యకు చదువు తీసుకెళ్ళిన తెలుగు ఆడమనిషిని వెతికితే అంతకు మూడు దశాబ్దాల వెనక్కి, భండారు అచ్చమాంబ దగ్గరికి వెళ్ళాలి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహంతో చదువుకుని, 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజానికి ప్రాణం పోసి, ఊరూరా అలాంటి సమాజాలు పెట్టించడానికి తిరిగి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో ఆడవాళ్ళ జీవితచరిత్రలు రాసిందామె. 1905లో, ముప్పై నిండీ నిండగానే పోయింది.

ఇవేవీ కరిసల్ పల్లెల వైపు రాలేదు. మన్నార్‌గుడి కావేరి నీళ్ళ సీమ, కృష్ణా కాలువలు ఎక్కడో ఉత్తరాన.

విచిత్రమేమంటే తెలుగు, సంస్కృత పుస్తకాలకు, అందులోనూ ఆడవాళ్ళు రాసిన పుస్తకాలకు, తమిళ దేశంలో కరువు ఎప్పుడూ లేదు. పద్నాలుగో శతాబ్దంలో విజయనగర రాకుమారుడు కుమార కంపన మధుర మీదికి దండెత్తితే, అతని రాణి గంగాదేవి ఆ విజయాన్ని సంస్కృత కావ్యంగా రాసింది. తన ముందు కవుల్ని తలుచుకుంటూ తిక్కన పేరు కూడా చెప్పింది. ఆ ‘మధురా విజయం’ తాళపత్ర ప్రతి 1916లో తిరువనంతపురంలో బయటపడింది. తంజావూరు నాయకుల కొలువులో రామభద్రాంబ ఉంది, మధురవాణి ఉంది, ‘మన్నారుదాస విలాసం’ రాసిన రంగాజమ్మ ఉంది. తర్వాత మరాఠా రాజుల కాలంలో ముద్దుపళని వచ్చింది. ఆమె ‘రాధికా సాంత్వనం’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ తిరిగి అచ్చువేయిస్తే సర్కారు నిషేధించింది. ఇంత సంపద! కానీ అదంతా కొలువుల్లోది. సరస్వతీ మహల్ బీరువాల్లో తాళపత్రాలు పేరుకుంటున్న రోజుల్లోనే, తెలుగే మాట్లాడే పత్తిరైతు పెళ్ళాం కోవిల్‌పట్టి దగ్గర చేలో ఒడినిండా పత్తి ఏరుతూ, పక్క సాలులో ఉన్న కోడలికి ముత్తవ్వ చెప్పిన కథ చెబుతోంది. ఆ రెండు తెలుగులూ ఒకదాన్నొకటి ఎరిగినట్టు లేవు.

పల్లెల్లో బతికిన ఆ కథ ఏమిటి? నవలలో మంగతాయారమ్మ చెప్పేది చెన్నాదేవి కథ. అందానికి పెట్టింది పేరైన పిల్ల. ఆమె మీద పరాయి ప్రభువు కన్ను పడుతుంది. ఇచ్చి చెయ్యడం ఇష్టం లేక, కాదంటే బతకనివ్వరని తెలిసి, కుటుంబమంతా రాత్రికి రాత్రి ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి దక్షిణానికి దారిపడుతుంది. వెనక సైనికులు, ముందు నది, అప్పుడో అద్భుతం, చెట్టు వంగి దారి ఇవ్వడం. ఇది కి.రా. ఊహ ఒక్కటే కాదు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో తొట్టియ నాయకుల దగ్గర దాదాపు ఇదే కథ రాసుకున్నాడు. రెండు ఒడ్లనా ఉన్న కానుగ చెట్లు ఒకదానివైపు ఒకటి వంగి వంతెనయ్యాయని, అందుకే వాళ్ళకు కానుగ పూజనీయమని. తమిళనాట తెలుగువాళ్ళలో ఎవర్ని కదిపినా, కులం ఏదైనా, ఇలాంటి వలస కథ ఒకటి వినిపిస్తుంది.

చరిత్రకారుల లెక్క వేరు. విజయనగర సైన్యాలు దిగిన దారినే రైతులూ దిగారు. 1529లో విశ్వనాథ నాయకుడితో మధుర నాయకుల పాలన మొదలైంది. దేశాన్ని 72 పాళేలుగా పంచారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి లాంటి పాళేలు తెలుగు నాయకుల చేతికి వచ్చాయి. వీరపాండ్య కట్టబొమ్మన్ ఇంట్లో మాట్లాడింది తెలుగే, అతని కులదైవం జక్కమ్మ. కుంఫిణీవాళ్ళు అతన్ని 1799 అక్టోబరు 16న ఉరితీసిన కయత్తారు ఇడైసెవల్‌కు దగ్గరే. తమిళ రైతులు నదీతీరాల వరిమళ్ళను పట్టుకుని ఉంటే, నీళ్ళు లేని నల్లరేగడిని సాగు చెయ్యడం తెలిసిన తెలుగువాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. అంటే భయంతో పారిపోయి వచ్చినవాళ్ళకంటే భూమి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే ఎక్కువన్నమాట. చెన్నాదేవి కథను చరిత్రగా తీసుకుని ఇప్పుడు ఎవరి మీదో కత్తి నూరడం తెలివితక్కువ పని. కానీ వలసను ఇంటి ఆడపిల్ల చుట్టూ అల్లుకున్నది ఎవరు? కథ చెప్పింది అవ్వలు కాబట్టే అందులో రాజులూ పాళెగాళ్ళూ వెనక్కి పోయి, పెళ్ళీడుకొచ్చిన పిల్లా, పిల్లను కాపాడుకోవాలనే తల్లీ ముందుకొచ్చారు. ఏ శాసనంలోనూ దొరకని చరిత్ర అది.

ఆ కథలు విన్న పిల్లాడు బడిలో నిలవలేదు. బడికి వెళ్ళింది వానకు తలదాచుకోవడానికేనని, లోపల కూచుని కూడా వాననే చూస్తూ ఉండిపోయానని కి.రా. తన చదువు గురించి నవ్వుతూ చెప్పుకునేవారు. కుర్రతనంలో క్షయ పట్టింది. పొలం చేశారు, కమ్యూనిస్టు రైతు సంఘాల్లో తిరిగారు, కేసులు మోశారు. అదే ఇడైసెవల్‌లో, అదే 1923లో, కొద్ది రోజుల తేడాతో ఇంకో రచయిత పుట్టాడు. ఆయన కు.అళగిరిసామి. ఇద్దరూ ఒకే పుస్తకాన్ని పంచుకుని చదివి, ఒకే సంగీతం విని పెరిగారు. అళగిరిసామి కథల సంపుటి ‘అన్బళిప్పు’కు 1970లో ఆయన పోయిన తర్వాత సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పేరున్న కథే పుస్తకాల కోసం ఎగబడే పిల్లల గురించి. ఒక పత్రికోద్యోగి గదిలో పిల్లలు అల్మారా మీద పడతారు. ఆయన ఇద్దరికి డైరీలు కానుకిస్తాడు. మూడోవాడు, అడగడం తెలియని సారంగన్, తనకూ పేరు రాసిన కానుక కావాలని ఎంత మథనపడతాడో చదివితే గొంతు పట్టేస్తుంది. పుస్తకం మీద ఆకలి ఎలా ఉంటుందో ఆ ఊరివాడికి చెప్పాల్సిన పనిలేదు.

కి.రా. మొదటి కథ ‘మాయమాన్’ 1950ల చివర్లో ‘సరస్వతి’ పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై అయిదేళ్ళు. రాసింది పండిత తమిళం కాదు, కరిసల్ ఆడవాళ్ళు గట్టు మీద కూచుని మాట్లాడుకునే తమిళం. ఇది భాషేనా అని ముక్కు విరిచినవాళ్ళకు జవాబుగా ఆ ప్రాంతపు మాటల నిఘంటువే కూర్చి పెట్టారు. జానపద కథలు వందల కొద్దీ సేకరించారు, పెద్దవాళ్ళు పిల్లల ముందు చెప్పని మోటు కథల్ని కూడా వదల్లేదు. బడి మెట్లు సరిగా ఎక్కని మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్యుడి కుర్చీలో కూచోబెట్టింది. 2021 మే 17న పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో ఇడైసెవల్‌లో అంత్యక్రియలు జరిపించింది. కోవిల్‌పట్టిలో ఇప్పుడు ఆయనకు స్మారక భవనం ఉంది.

‘గోపల్ల గ్రామం’లో ఒక చోటు దగ్గర ఆగాలి. నిండు గర్భిణి ఒకతె దారినపోతూ దాహం తీర్చుకోవడానికి కుంటలోకి దిగుతుంది. చెవుల కమ్మలకు ఆశపడి ఒకడు ఆమె తలను నీళ్ళలో అదిమేస్తాడు. ఊపిరాడని ఆ క్షణంలో నోటికి అందిన అతని కాలి బొటనవేలిని ఆమె పళ్ళ బిగువున కరిచి పట్టుకుంటుంది. ప్రాణం పోయినా పట్టు విడవదు. దొంగ పారిపోలేక దొరికిపోతాడు. పంచాయతీ కూడుతుంది, తీర్పు వస్తుంది. ఇలాంటి సంఘటన పుస్తకాలు చదివి రాసేది కాదు. బావిగట్టున ఎవరో ఎవరికో వణుకుతూ చెప్పినప్పుడు వినివుండాలి. నవల అంతటా ఇదే తీరు. కథను నడిపే మేనమామలూ పెద్దనాయనలూ ఎందరున్నా, గుర్తుండిపోయేది మంగతాయారమ్మ, చెన్నాదేవి, ఈ పేరులేని గర్భిణి. నవల కొసన తెల్లదొరల రాజ్యం తలుపు తడుతుంది. అక్కణ్ణుంచి స్వాతంత్ర్యోద్యమం దాకా కథను ‘గోపల్లపురత్తు మక్కళ్’ నడిపించింది. దానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఆ 1991కి ఇంకో ప్రాముఖ్యం ఉంది. అదే ఏడు తమిళనాట అక్షరాలు నిజంగానే ఆడవాళ్ళ చేతిలో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాయి. కేరళలో ఎర్నాకుళం జిల్లా 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించుకుంది. ఆ ఊపు తమిళనాడుకు ‘అరివొళి ఇయక్కం’ పేరుతో పాకింది. పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టర్ షీలారాణి చుంకత్ ఒక కొత్త ఎత్తు వేసింది. చదువుతోపాటు ఆడవాళ్ళకు సైకిల్ నేర్పించింది. రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పొద్దుగూకాక మైదానాల్లో పడుతూ లేస్తూ తొక్కారు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాసిన తర్వాత ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. పాఠం చెప్పే అమ్మాయి మగదిక్కు కోసం ఎదురుచూడకుండా పక్క ఊరికి తనే సైకిల్ మీద పలకలూ పుస్తకాలూ వేసుకుని పోగలిగింది. కెంటకీ గుర్రం గుర్తొస్తే పాఠకుల తప్పు కాదు.

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి మధ్య అరివొళి పని ఇంకాస్త కష్టం. అది అగ్గిపెట్టెల సీమ. వానలు మొహం చాటేసే నేల మీద అగ్గిపుల్లలూ టపాకాయలే చాలా ఇళ్ళకు అన్నం పెట్టాయి. పొద్దు పొడవకముందే ఫ్యాక్టరీ బస్సు ఊళ్ళోకొచ్చి పిల్లల్నీ ఆడవాళ్ళనీ ఎక్కించుకుపోయే రోజులవి. సన్నటి పుల్లల్ని చెక్క చట్రంలో వరుసలు వరుసలుగా పేర్చాలి, ఎన్ని చట్రాలకు అంత కూలి. ఇంటి దగ్గరైతే డబ్బీలు అంటించాలి. పగలంతా పుల్లలు పేర్చిన వేళ్ళకు రాత్రి బలపం పట్టించాలి. నేర్పేది కూడా ఎక్కువగా అదే ఊరి చదువుకున్న ఆడపిల్లలే, పైసా జీతం లేకుండా. వీధి నాటకాలతో, పాటలతో జనాన్ని పోగుచేసి, దీపం కింద అక్షరాలు దిద్దించారు.

అక్షరం వచ్చాక ఏం చదవాలన్నది అసలు చిక్కు. యాభై ఏళ్ళ మనిషికి పిల్లల వాచకం ఇస్తే నామోషీ. పెద్ద పుస్తకం ఇస్తే అందదు. అందుకని అరివొళి కార్యకర్తలు, రచయితలు పెద్ద అక్షరాలతో చిన్న చిన్న కథల పుస్తకాలు తెచ్చారు. ఊరివాళ్ళు చెప్పుకునే కథల్నే తీసుకుని, పేరున్న రచయితల కథల్ని సులువు చేసి ఇచ్చారు. తిరునల్వేలి వైపు అరివొళిలో తిరిగిన రచయిత తమిళ్‌సెల్వన్ ఆ అనుభవాల్ని ‘ఇరుళుం ఒళియుం’ పుస్తకంలో రాశారు. చదువు చెప్పడానికి వెళ్ళినవాళ్ళు ఊరి నుంచి నేర్చుకుని వచ్చిన సందర్భాలు ఆ ఉద్యమంలో కోకొల్లలు. అక్షరం రాని అవ్వ సామెతా పాటా పొడుపుకథా కలిపి గంటసేపు మాట్లాడితే, నోటు పుస్తకం తీసి రాసుకోవాల్సింది పంతులమ్మే. కెంటకీ ఇల్లాళ్ళు అతుకుల పుస్తకాల్లో బొంతల నమూనాలు చేర్చినట్టే ఇదీ.

ఇలాంటి చిన్న పుస్తకం ఎంత పని చేస్తుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యత వాచకాల్లో మొగుడి తాగుడుతో నలిగిన సీతమ్మ కథ ఒక పాఠం. దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకుని, రోశమ్మ ముందు నడవగా ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వాళ్ళ కథ ఇంకో పాఠమై పక్క ఊళ్ళ ఆడవాళ్ళ చేతికి వెళ్ళింది. అది జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. ఊరి నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి ఇంకో ఊరికి.

కరిసల్ దారి వేరు. అక్కడ పుట్టింది సాహిత్యం. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నుంచి అకాడమీ పురస్కారాలు వరసకట్టాయి. అళగిరిసామి, కి.రా. తర్వాత మేలాణ్మై పొన్నుసామికి 2007లో, పూమణికి 2014లో, ఎస్.రామకృష్ణన్‌కు 2018లో, చో.ధర్మన్‌కు 2019లో. వానకు కరువైనా కథకు కరువు లేని సీమ. అందరూ మగవాళ్ళేనన్నది గమనించకుండా ఉండలేం. అవ్వ చెప్పింది, మనవడు రాశాడు, సభలో శాలువా మనవడికి కప్పారు. కి.రా. మట్టుకు తన పెట్టుబడి ఎక్కడిదో ఎప్పుడూ దాచలేదు. రచయిత కంటే చెప్పేవాళ్ళే గొప్పని ఆయన రాతంతా చాటుతూనే ఉంటుంది. ఇప్పుడిప్పుడే విరుదునగర్ జిల్లా మల్లాంకిణరు నుంచి వచ్చిన తమిళచ్చి తంగపాండియన్ లాంటివాళ్ళు ఆ ఊళ్ళ ఆడవాళ్ళ గొంతును తామే రాస్తున్నారు.

పుస్తకాలతో ఆ జిల్లా ఆడవాళ్ళకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. శివకాశి అంటే మనకు టపాకాయలే గుర్తొస్తాయి గానీ, మన గోడలకు వేలాడే తెలుగు క్యాలెండర్లు, దుకాణాలు పంచే డైరీలు, పిల్లల నోటు పుస్తకాలు బోలెడన్ని అక్కడ అచ్చయ్యేవే. మెషీన్ మీద మగవాళ్ళుంటే, అచ్చయిన కాగితాల్ని మడిచి, వరస పెట్టి, అంటించే బైండింగ్ పనిలో బారులు తీరి కూచునేది ఆడవాళ్ళే. కొత్త సంవత్సరం దగ్గరపడే కొద్దీ వాళ్ళకు ఊపిరి సలపదు.

2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాషని చెప్పినవాళ్ళు 42 లక్షల పైచిలుకు. కరిసల్ ఇళ్ళలో తెలుగు ఇంకా వినిపిస్తుంది. చదవడం రాయడం మాత్రం చాలామందికి తమిళంలోనే. మంగతాయారమ్మ చెప్పిన వలస కథను ఆ ఇళ్ళ పిల్లలు చదువుకునేది తమిళ లిపిలో. దీనికి కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అంత అక్కర్లేదేమో. కి.రా. తెలుగులో రాసి ఉంటే కోవిల్‌పట్టిలో చదివేవాళ్ళు ఎందరు? ఆ కథ బతికింది తమిళంలోకి రావడం వల్లే. అవతలి వైపు నుంచి సా.వెం.రమేశ్ లాంటివాళ్ళు తమిళనాట పల్లెల్లో బతికున్న తెలుగు పలుకుబడులతోనే కథలు రాసి, ‘కతల గంప’ నింపి మనకు పంపారు. రెండూ కావలసినవే.

గోపల్లపురంలో లేనిది ఇంకోటి ఉంది. అది భూమి ఉన్నవాళ్ళ కథ. కోటయార్ల పొలాల్లో పనిచేసినవాళ్ళు అందులో పక్కపాత్రలే. అదే నల్లరేగడి మీద అదే తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఉన్నారు. తోలుపని, పాకీపని, కూలిపని వాళ్ళ మీద రుద్దిన ఊళ్ళు ఇవే. ఆ వాడల్లోనూ అవ్వలున్నారు, వాళ్ళూ ఎక్కణ్ణుంచో నడిచి వచ్చినవాళ్ళే. ఆ నడక కథకు మధుర నాయకుల పాళేలూ కానుగ చెట్ల వంతెనా ఎలా కనిపిస్తాయో వింటే గాని తెలియదు. తమిళనాడు ప్రభుత్వం 2009లో అరుంధతీయులకు షెడ్యూల్డ్ కులాల కోటాలో విడిగా 3 శాతం ఇచ్చింది. ఆ తర్వాత విరుదునగర్, కోవిల్‌పట్టి కాలేజీల మెట్లెక్కిన ఆడపిల్లలకు ఇంట్లో తెలుగు వచ్చు, చేత్తో తమిళం రాయడం వచ్చు. తమ ముత్తవ్వ చెప్పింది రాయించుకోవడానికి వాళ్ళు ఏ కోటయార్ల ఇంటి మనవడి కోసమూ చూడాల్సిన పని లేదు.